పెట్టెలో ఏముంది?

1996 నవంబరు 6 రాత్రి కోనసీమను తుపాను ఊడ్చేసింది. కొద్ది రోజుల తర్వాత మా సంఘం తరఫున నలుగురం ఒక సహాయ శిబిరానికి వెళ్ళాం. మాకు అప్పగించిన పని విని, ఇదేం పెద్ద పని అనుకున్నాం. దాతలు పంపిన మందులు ఒక స్కూలు గదిలో పడివున్నాయి, వాటిని సర్దాలి. అంతే.

తలుపు తీసేసరికి గుమ్మం దాకా మూటలు. గోనె సంచులు, అట్టపెట్టెలు, పాలిథీన్ కవర్లు. వాటిల్లో డాక్టర్ల దగ్గర మిగిలిపోయిన శాంపిళ్ళు, సగం తాగిన సీసాలు, కత్తెరతో కత్తిరించిన మాత్రల పట్టీలు. కొన్ని పట్టీల మీద పేరులో రెండక్షరాలే మిగిలాయి. తేదీ వున్న ముక్క ఎవరో వాడేసుకున్నారు. పెట్టెల మీద మాత్రం దాతల పేర్లు ఇంతింత అక్షరాలతో వున్నాయి. లోపల ఏముందన్నది దాదాపు దేనిమీదా లేదు.

బయట వాంతులూ విరేచనాలతో వాడిపోయిన పిల్లల్ని ఎత్తుకుని తల్లులు నిలబడి వున్నారు. ఓఆర్ఎస్ పొట్లాలు మా దగ్గర వున్నాయి. ఆ గదిలో ఎక్కడ వున్నాయో తెలియదు. తెలియకపోతే లేనట్టే.

మధ్యాహ్నానికి ఒక పెద్దాయన వచ్చారు. ఆర్మీ మెడికల్ కోర్‌లో పనిచేసి రిటైరైన మనిషి. అందరూ సుబేదారు గారూ అని పిలుస్తున్నారు. గుమ్మంలో నిలబడి గదంతా ఒకసారి చూసి, "బాబూ, ఎవరు పంపారన్నది చూడకండి. ఏమిటది, ఎంత బలం, ఎన్నున్నాయి, ఎప్పటిదాకా పనికొస్తుంది. ఈ నాలుగూ చెప్పండి. చెప్పలేనిది అవతల పడేయండి" అన్నారు.

మాలో ఒకతనికి మనసొప్పలేదు. "ఎంతోమంది ప్రేమతో పంపారు కదండీ" అన్నాడు. "ప్రేమతో పంపితే విషం మందవుతుందా నాయనా?" అన్నారాయన.

హేతువాదం మీద నేను చాలా పుస్తకాలు చదివాను. కానీ ఇంత చిన్న వాక్యంలో ఎవరూ చెప్పగా వినలేదు. ఆ నాలుగు ప్రశ్నలు ఎక్కడివా అని ఆ తర్వాత చాలాకాలం వెదికాను. అవి సైన్యాల స్టోర్లలో పుట్టాయి. ఊరికే పుట్టలేదు, వేలమంది చచ్చిపోయాక పుట్టాయి. ఆ కథే ఇది.

దీపం పట్టుకున్న దేవత

ఫ్లోరెన్స్ నైటింగేల్ గురించి మనమంతా బడిలో చదువుకున్నాం. చేతిలో దీపం, రాత్రివేళ రోగుల మధ్య నడిచే దయామయి. ఆ బొమ్మ అబద్ధం కాదు. అయితే ఆ బొమ్మ వెనక మరుగునపడ్డ విషయం ఒకటుంది. ఆమె ఎక్కువగా పోరాడింది చీకటితో కాదు, స్టోరు గదులతో.

1854లో బ్రిటన్, ఫ్రాన్సు, టర్కీ ఒకవైపు, రష్యా మరొకవైపు. క్రిమియా యుద్ధం. గాయపడ్డవాళ్ళనీ జబ్బుపడ్డవాళ్ళనీ బ్రిటిష్ సైన్యం నల్లసముద్రం దాటించి ఇస్తాంబుల్ ఎదుటి ఒడ్డున స్కుటారీలో వున్న బారకాసులకు చేర్చేది. 1854 నవంబరు 4న నైటింగేల్ 38 మంది నర్సులతో అక్కడ దిగింది. కట్టుగుడ్డలు లేవు, దుప్పట్లు లేవు, చొక్కాలు లేవు. ఇంగ్లండులో మంత్రులేమో అన్నీ పంపించామంటున్నారు.

చిత్రం ఏమిటంటే ఇద్దరూ నిజమే చెబుతున్నారు.

నవంబరు 14న బాలక్లావా దగ్గర పెద్ద తుపానులో 'ప్రిన్స్' అనే ఓడ మునిగిపోయింది. శీతాకాలం బట్టలు దాంతోనే పోయాయి. స్కుటారీ ఆసుపత్రికి ఉద్దేశించిన వైద్య సామగ్రి కూడా అందులోనే వుంది. ఓడ స్కుటారీ మీదుగానే వచ్చింది. మరి అక్కడెందుకు దించలేదు? మందులు అడుగున వున్నాయి, వాటిమీద మందుగుండు పేర్చారు. దించాలంటే పైదంతా తియ్యాలి. పోనీ తిరుగు ప్రయాణంలో దించుదామనుకున్నారు. తిరుగు ప్రయాణం లేకుండా పోయింది.

నిమ్మరసం సంగతి ఇంకా ఘోరం. స్కర్వీ జబ్బుకు నిమ్మజాతి పండ్ల రసం విరుగుడని జేమ్స్ లిండ్ 1747లోనే నావికుల మీద పరీక్షించి చూశాడు. 1854 డిసెంబరులో సుమారు 20 వేల పౌండ్ల నిమ్మరసం బాలక్లావా రేవుకు చేరింది. సైనికుల చిగుళ్ళు కుళ్ళిపోతున్నాయి. మందు కళ్ళెదుటే వుంది. అయినా ఫిబ్రవరి దాకా పంచలేదు. కారణం? రోజువారీ రేషనులో నిమ్మరసం కలపమని ఉత్తర్వు లేదు.

చొక్కాల కథ లిట్టన్ స్ట్రేచీ తన 1918 నాటి పుస్తకంలో చెప్పాడు. నైటింగేల్ పట్టుబట్టి తెప్పించిన 27 వేల చొక్కాలు వచ్చి దిగాయి. ఒక కమిటీ కూర్చుని పరిశీలించందే మూటలు విప్పడానికి వీల్లేదని స్టోరు అధికారి భీష్మించుకున్నాడు. చలికి వణికేవాళ్ళు వణుకుతూనే వున్నారు. ఆ తర్వాత ఇంకోసారి ఇలాగే జరిగినప్పుడు ఆమె ఆ అధికారి ఎదుటే సరుకును బలవంతంగా విప్పించింది.

భక్తులు దీన్ని కరుణ అంటారు. నేను దీన్ని తనిఖీ అంటాను. పెట్టెలో ఏముందో తెరిచి చూడటం.

ఇక్కడ మనం కూడా జాగ్రత్తగా వుండాలి. ఒక పురాణాన్ని తీసేసి ఇంకో పురాణం పెట్టకూడదు. నైటింగేల్ వచ్చి సరుకులన్నీ సర్దగానే చావులు ఆగిపోయాయని చాలాచోట్ల రాస్తారు. అది నిజం కాదు. ఆమె వచ్చాక కూడా చావులు పెరిగాయి. 1855 ఫిబ్రవరిలో స్కుటారీలో మరణాలు చికిత్స పొందినవాళ్ళలో 42 శాతం దాటాయి. మార్చిలో శానిటరీ కమిషన్ వచ్చి మురుగు కాలువలు కడిగించి, గాలి ఆడేలా చేయించాకనే గట్టిగా తగ్గాయి. అంటే భవనమే జబ్బు. కట్టుగుడ్డలు దొరకటం అవసరమే గాని అదొక్కటే చాలలేదు.

ఈ సంగతి ఆమెకు ఎలా తెలిసింది? యుద్ధం అయ్యాక విలియం ఫార్ అనే గణాంకవేత్తతో కూర్చుని లెక్కలు చూసినప్పుడు తెలిసింది. ఆ లెక్కలైనా సులువుగా తేలలేదు. స్కుటారీలో చనిపోయినవారి వివరాలు మూడు వేరువేరు రిజిస్టర్లలో రాసేవారు. ఏ ఒక్కటీ ఇంకోదానితో కలవలేదు. దుప్పట్లకు లెక్కలేని చోట శవాలకు మాత్రం లెక్క ఎక్కడినుంచి వస్తుంది? తన నమ్మకం కంటే లెక్కకే విలువ ఇచ్చి, 1858లో ఆమె గీసిన చక్రాల లాంటి పటాలు చావుల్లో ఎక్కువ భాగం గాయాల వల్ల కాదు, నివారించదగ్గ జబ్బుల వల్ల అని లోకానికి చూపించాయి. దీపం కంటే ఆ పటాలే ఎక్కువ వెలుగు ఇచ్చాయని నా ఉద్దేశం.

జాబితా కూడా ఒక నమ్మకమే

క్రిమియా పాఠం అట్లాంటిక్ అవతల వెంటనే ఎక్కలేదు. 1861లో అమెరికా అంతర్యుద్ధం మొదలైంది. ఒక్కో రెజిమెంటు తన మందులు తానే మోసుకునేది. ఒకరి బండ్లు నిండుగా, పక్కవాళ్ళవి ఖాళీ. సైన్యం కదిలినప్పుడల్లా సగం సామాను రోడ్డు పక్కనే.

1862 జులైలో జొనాథన్ లెటర్‌మన్ అనే డాక్టరు పొటోమాక్ సైన్యానికి మెడికల్ డైరెక్టరుగా వచ్చాడు. అక్టోబరు 4న ఒక సర్క్యులరు ఇచ్చాడు. సామగ్రి ఇకనుంచి రెజిమెంటుకు కాదు, బ్రిగేడుకు. నెల రోజులకు ఇంత అని ఖరారు. బ్రిగేడుకు ఒక ఆసుపత్రి బండి, రెజిమెంటుకు ఒక మందుల పెట్టె, డాక్టరుకు ఒక వీపు సంచి. ఎందులో ఏముండాలో ముందే రాసివుంది. వాడినది వాడినట్టు మళ్ళీ నింపుకోవాలి.

ఆ యుద్ధకాలంలో బ్రూక్లిన్‌లో ఎడ్వర్డ్ స్క్విబ్ తయారుచేసిన మందుల పెట్టె చూడండి. అందులో యాభైకి పైగా మందులు. ఒక్కో డబ్బాకి ఒక స్థానం, ఒక సంఖ్య, దానికి తగ్గ పట్టిక. కంచరగాడిద మీద వేసుకుని పోవచ్చు. రక్తంతో తడిసిన చేత్తో, కొవ్వొత్తి వెలుతురులో, తడుముకోకుండా క్లోరోఫాం తియ్యొచ్చు. మన ఇళ్ళల్లో పోపుల పెట్టె లాంటిదే. ఆవాలు ఎక్కడో జీలకర్ర ఎక్కడో అమ్మ చూడకుండానే తీసేది కదా. ఒక్క తేడా వుంది. పోపుల పెట్టె అమ్మ ఒక్కతికే తెలుసు. సైన్యం పెట్టె ఎవరు తెరిచినా తెలియాలి, ఎందుకంటే నిన్న తెరిచిన మనిషి ఇవాళ బతికి వుండకపోవచ్చు.

బాగానే వుంది. పెట్టెలు సర్దారు, పేర్లు రాశారు, సంఖ్యలు వేశారు. ఇక కథ కంచికేనా? కాదు. అసలు ప్రశ్న ఇప్పుడే మొదలవుతుంది. జాబితాలో వున్నదంతా మందేనా?

ఆ జాబితాలో కాలొమెల్ వుంది. పాదరసం క్లోరైడు. ఆ రోజుల్లో విరేచనాలకీ అదే, మలబద్ధానికీ అదే, జ్వరానికీ అదే. దండిగా ఇచ్చేవారు. నోట్లోంచి ధారగా చొంగ కారితే మందు పనిచేస్తున్నట్టు లెక్క! అదే పాదరసం విషం ఎక్కిందనడానికి గుర్తు. కొందరికి పళ్ళూడేవి, చిగుళ్ళు కుళ్ళేవి, బుగ్గలకు గాంగ్రీన్ పట్టేది.

అప్పటి సర్జన్ జనరల్ విలియం హామండ్ ఆసుపత్రుల నుంచి వచ్చిన ఇలాంటి నివేదికలు చూశాడు. 1863 మే 4న ఆరో నంబరు సర్క్యులరుతో కాలొమెల్‌నీ, వాంతి చేయించే టార్టార్ ఎమెటిక్‌నీ సప్లై పట్టిక నుంచి కొట్టేశాడు. వాడకండని ఉపన్యాసం ఇవ్వలేదు. పట్టికలో లేని వస్తువుకు ఇండెంటు పెట్టినా మంజూరు కాదు. గీతతో కొట్టివేసి ఒక మూఢనమ్మకాన్ని ఆపబోయాడు.

గోల మొదలైంది. మా తాతల కాలం నుంచీ ఇస్తున్నాం, మా అనుభవం కంటే నీ కాగితం గొప్పదా అన్నారు డాక్టర్లు. వైద్య సంఘాలు ఖండించాయి. యుద్ధమంత్రి స్టాంటన్‌కి ముందే హామండ్ అంటే గిట్టదు. 1864లో కోర్టు మార్షల్ పెట్టి ఆగస్టులో ఉద్యోగం పీకేశారు. నేరారోపణ కాలొమెల్ కాదు. దుప్పట్లు, ఆసుపత్రి సామాన్ల కొనుగోలులో అక్రమాలట! కాంగ్రెసు చట్టం చేసి ఆ తీర్పును మళ్ళీ చూసేందుకు వీలు కల్పించడానికి 1878 దాకా పట్టింది. ఆ తర్వాత గానీ ఆయన పేరు మీద మచ్చ పోలేదు.

హామండ్‌ని కూడా మనం దేవుణ్ణి చెయ్యక్కర్లేదు. పాదరసంతోనే చేసే నీలి మాత్రలు పట్టికలో వుండనే వున్నాయి. పైగా వాదించి ఒప్పించడానికి బదులు అధికారంతో కొట్టేశాడన్న విమర్శలో కొంత న్యాయం వుంది. కానీ ఒక మాట. స్టోరు జాబితా అంటే గుమాస్తా వ్యవహారం అనుకుంటాం. ఈ వస్తువు పనిచేస్తుందని మేం నమ్ముతున్నాం అని వైద్యం సంతకం పెట్టిన కాగితం అది. ఏ సంతకాన్నయినా ప్రశ్నించవచ్చని హామండ్ చూపించాడు.

పైన రాసింది అబద్ధమైతే

పేరు లేకపోవటం ఒక ప్రమాదం. చెడ్డ మందుకు మంచి పేరుండటం ఇంకో ప్రమాదం. మూడోది మరీ భయంకరం. లోపల ఒకటుంటే పైన ఇంకొకటి రాయటం. దీనికి ఉదాహరణ మన దగ్గరిదే.

మొదటి ప్రపంచ యుద్ధంలో ఇప్పటి ఇరాక్‌లో, అప్పటి మెసొపొటేమియాలో, తురుష్కుల మీద యుద్ధానికి మనుషుల్నీ సరంజామానీ పంపింది భారత ప్రభుత్వం. 1915 నవంబరులో టౌన్‌షెండ్ నాయకత్వంలోని పూనా డివిజన్ బాగ్దాదు దగ్గర టెసిఫాన్‌లో దెబ్బతింది. వేలమంది గాయపడ్డారు. అందులో మన సిపాయిలు ఎంతోమంది. స్ప్రింగులు లేని బళ్ళమీద ఎముకలు విరిగినవాళ్ళని నది దాకా ఈడ్చారు. అక్కడినుంచి పడవల్లో, రోజుల తరబడి, టైగ్రిస్ మీదుగా బస్రాకు.

క్షతగాత్రుల తరలింపు సజావుగా జరిగిందనీ వాళ్ళ పరిస్థితి చాలా సంతృప్తికరంగా వుందనీ లండనుకు టెలిగ్రాం వెళ్ళింది.

బస్రాలో ఒక ఆసుపత్రి ఓడ మీద ఇండియన్ మెడికల్ సర్వీసు డాక్టరు మేజర్ మార్ఖమ్ కార్టర్ నిలబడి వున్నాడు. 'మెజిదియే' అనే పడవ వస్తోంది. దాని పక్కల వెంబడి తాళ్ళు వేలాడుతున్నట్టు కనిపించాయి. దగ్గరికొచ్చాక తెలిసింది అవి తాళ్ళు కాదని. కదల్లేని వందలాది మంది నీళ్ళ విరేచనాలు పైనుంచి కారి ఎండిన చారలు. కార్టర్ చూసింది చూసినట్టు రిపోర్టు రాశాడు. పై అధికార్లు అరెస్టు చేస్తామని బెదిరించారు.

1916లో విచారణలు మొదలయ్యాయి. 1917లో మెసొపొటేమియా కమిషన్ నివేదిక బయటికొచ్చింది. కార్టర్ చెప్పింది నిజమని తేలింది. భారత వ్యవహారాల మంత్రి ఆస్టెన్ చాంబర్లేన్ రాజీనామా చేశాడు.

ఇక్కడ ఆలోచించాల్సింది ఒకటుంది. అంతా సంతృప్తికరం అని పైన రాసేశాక, ఇంకా పడవలు కావాలనీ కట్లు కావాలనీ మందులు కావాలనీ అడిగే హక్కు కిందివాళ్ళకు ఏం మిగులుతుంది? తప్పు లేబులు మందుని మాత్రమే దాచదు, కొరతనీ దాచేస్తుంది. పెట్టె తెరిచి చూసే ఒక్క మనిషి, చూసింది రాసే ఒక్క మనిషి లేకపోతే ఎంత గొప్ప రిజిస్టరైనా చిత్తుకాగితమే.

ఇంటిపేరు ముందు, పేరు తర్వాత

రెండో ప్రపంచ యుద్ధం నాటికి సామాను కొండలంతైంది. అమెరికా సైన్యం సముద్రాలు దాటించే పెట్టెలకు శాఖల వారీగా రంగులు పూసింది. ఇంజనీర్లకు ఎరుపు, ఆయుధాలకు పసుపు, సిగ్నల్స్‌కు నారింజ, వైద్యానికి మెరూన్. చదువు రాని కూలీ కూడా రేవులో మెరూన్ పెట్టెల్ని ఒకచోట పేర్చగలడు. ప్రిన్స్ ఓడలో లేనిది ఇదే.

అయితే రంగు ఏ శాఖదో చెబుతుంది, ఏ వస్తువో చెప్పదు. ఎర్ర శిలువ గుర్తు సంగతీ అంతే. 1864 జెనీవా ఒప్పందం నుంచి వచ్చిన ఆ గుర్తు దీన్ని కాల్చకండి అని మాత్రమే చెబుతుంది. లోపల మార్ఫిన్ వుందో దూది వుందో చెప్పదు. మన మందుల షాపుల మీద, డాక్టర్ల కార్ల మీద ఆ గుర్తు ఎడాపెడా వేసేస్తుంటారు. 1960 నాటి జెనీవా ఒప్పందాల చట్టం ప్రకారం అది కూడదు. అది వైద్యానికి ట్రేడ్‌మార్కు కాదు.

మార్ఫిన్ అన్నాను కాబట్టి అదీ చెబుతాను. సైనిక వైద్య సహాయకుల దగ్గర మార్ఫిన్ నింపిన చిన్న ట్యూబులుండేవి, సూదితో సహా. గుచ్చి నొక్కటమే. వాడేశాక ఖాళీ ట్యూబును గాయపడ్డవాడి కాలరుకు గుచ్చేవారు. ఎందుకు? వెనక వచ్చేవాడికి తెలియాలి. హెన్రీ బీచర్ అనే డాక్టరు ఇటలీ రంగంలో గమనించాడు. చలిలో, షాకులో వున్నవాడికి చర్మం కింద ఇచ్చిన మార్ఫిన్ వెంటనే రక్తంలో కలవదు. నొప్పి తగ్గలేదని మళ్ళీ ఇస్తారు, ఇంకోసారి ఇస్తారు. ఆసుపత్రిలో ఒళ్ళు వెచ్చబడేసరికి మొత్తం ఒక్కసారి ఎక్కి ఊపిరి ఆగే స్థితి వస్తుంది. కాలరు మీది ఆ ఖాళీ ట్యూబు కూడా ఒక స్టాకు రిజిస్టరే. ఏమిచ్చారు, ఎంత ఇచ్చారు.

యుద్ధం తర్వాత ఇంకో చిక్కు తేలింది. ఒకే వస్తువుకు ఒక్కో శాఖ ఒక్కో పేరు, ఒక్కో సంఖ్య పెట్టుకుంది. ఒకరి గోడౌనులో కుళ్ళిపోతున్నదాన్నే ఇంకొకరు కొత్తగా కొంటున్నారు. 1952లో అమెరికా ఒక చట్టం చేసి అందరికీ ఒకే కేటలాగు పెట్టింది. 1974 నుంచి దాని సంఖ్య 13 అంకెలు. మొదటి నాలుగు వస్తువు తరగతి: 6505 అంటే మందులు, 6510 కట్లు, 6515 శస్త్ర పరికరాలు. తర్వాతి రెండు ఏ దేశం నమోదు చేసిందో చెబుతాయి. మిగతా ఏడూ ఆ వస్తువుకే. నేటో దేశాలన్నీ ఇదే పద్ధతి వాడుతున్నాయి.

ఈ కేటలాగుల్లో పేరు రాసే తీరు తెలుగువాళ్ళకు కొత్తగా వుండదు. ముందు జాతి, తర్వాత వివరం. బ్యాండేజి, గాజుది, ఇన్ని అంగుళాలది. మనం ఇంటిపేరు ముందు రాసి పేరు తర్వాత రాసినట్టే. అలా రాస్తే బ్యాండేజీలన్నీ ఒకచోటికి చేరతాయి. ఏది లేదో చూడగానే తెలుస్తుంది.

మన సైన్యానికీ ఇలాంటి పట్టిక వుంది. దాన్ని పీవీఎంఎస్ అంటారు, ధరలతో కూడిన వైద్య సామగ్రి పదకోశం అని అర్థం. అందులో ప్రతి వస్తువుకూ ఒక సంఖ్య. పట్టికలో లేనిది కావాలంటే వేరే దారిలో అడగాలి, ఎందుకు కావాలో చెప్పాలి. ఢిల్లీ, ముంబయి, పుణె, లక్నోల్లోని సైనిక వైద్య డిపోల భాష ఇదే. ఆనాడు మా సుబేదారు గారు మాత్రల పట్టీ చేతిలోకి తీసుకుని బ్రాండు పేరు చదవకుండా "టాబ్ పారాసిటమాల్, అయిదు వందలు" అని ఎందుకనేవారో నాకు చాలా ఏళ్ళ తర్వాత అర్థమైంది.

మళ్ళీ ఆ గదిలోకి

మా గది లాంటి గదులు ప్రపంచంలో ఇంకా చాలా వున్నాయి. 1988 డిసెంబరులో ఆర్మేనియాలో భూకంపం వస్తే 5,000 టన్నుల మందులూ వైద్య సామగ్రీ వచ్చిపడ్డాయి. ఏముందో తేల్చడానికి 50 మందికి ఆరు నెలలు పట్టింది. పాడవకుండా మిగిలినదాంట్లో సులువుగా గుర్తుపట్టగలిగింది 30 శాతమే. ఇలాంటి అనుభవాలన్నీ చూసి ప్రపంచ ఆరోగ్య సంస్థ 1996లో మందుల దానానికి నియమాలు ప్రకటించింది. అసలు పేరు, బలం, తేదీ, పరిమాణం అర్థమయ్యే భాషలో రాసి వుండాలి, గడువు కనీసం ఏడాది మిగిలి వుండాలి, వాడి మిగిల్చినవి పంపకూడదు. అంటే మా సుబేదారు గారి నాలుగు ప్రశ్నలే! ఆ నియమాలు వచ్చిన ఏడాదే మేం కోనసీమలో ఆ గదిలో కూర్చున్నాం. మాకు తెలియదు.

ఆరోజు సాయంత్రానికి మూడు కుప్పలు చేశాం. తెలిసినవి, అనుమానం వున్నవి, పారేయాల్సినవి. పారేయాల్సిన కుప్పే పెద్దది. ఓఆర్ఎస్ పొట్లాలు పాత చీరల మూట అడుగున దొరికాయి. వాటిని గుమ్మం పక్కన పెట్టి, పైన సుద్దముక్కతో పేరు రాశాం. ఆ తర్వాత వచ్చిన ఏ తల్లినీ నిలబెట్టలేదు. ముందు వచ్చినవాళ్ళని మాత్రం పొద్దున్నించీ నిలబెట్టాం. ఆ బరువు నాకిప్పటికీ తీరలేదు.

మహిమలు నమ్మేవాళ్ళు పెట్టె తెరవనివ్వరు. తాయెత్తు విప్పి చూడకూడదంటారు, విప్పితే పనిచెయ్యదంటారు. తెరిచి చూసినా పనిచేసేదే మందు. ఎవరు తెరిచినా అదే కనిపించాలి, ఎవరు లెక్కపెట్టినా అంతే రావాలి. స్కుటారీలో మూటలు విప్పించిన నైటింగేలూ, పట్టికలో గీత గీసిన హామండూ, చూసింది రాసిన కార్టరూ చేసింది ఇదే. వీళ్ళెవరూ మన సంఘం సభ్యులు కారు. నైటింగేల్ అయితే గట్టి దైవభక్తురాలు. అయినా పెట్టె దగ్గర మాత్రం ముగ్గురూ నమ్మకాన్ని పక్కనపెట్టి కళ్ళతో చూశారు. అది చాలు.

ఇప్పుడు మీ ఇంట్లో మందుల డబ్బా ఒకటుంటుంది. బీరువాలోనో ఫ్రిజ్ మీదో. దాన్ని ఈ ఆదివారం ఒకసారి తెరవండి. కత్తిరించిన పట్టీల మీద పేరుందా? బలం రాసి వుందా? ఎన్ని మిగిలాయి? గడువు ఎప్పటిదాకా? మన దేశంలో 2023 ఆగస్టు నుంచి 300 బ్రాండుల మీద క్యూఆర్ కోడు తప్పనిసరి చేశారు, ఫోనుతో చూస్తే తయారీ వివరాలు వస్తాయి. అదీ చూడండి. నాలుగింటికీ జవాబు చెప్పలేనిదాన్ని, ఎంత ఖరీదు పెట్టి కొన్నా, ఎవరు ప్రేమతో ఇచ్చినా, అవతల పడేయండి. పిల్లలకీ పశువులకీ అందని చోట.

మాత్రలు కత్తిరించేటప్పుడు తేదీ వున్న ముక్క చివరిదాకా వుంచండి. వెనక వచ్చేవాడికి తెలియాలి.